మగవాళ్లు నిలబడని లైను

“గట్టిగా అరవగాకే, పక్కన మనుషులుండారు” అన్నాడు మా ఆయన. “అరవనులే, పండుకో” అన్నాను. అనంతపురం ఆసుపత్రిలో ఆయనకు పెట్టిన మూత్రం సంచి నిండిందని నర్సమ్మను కేకేయబోతే ఆపి అన్న మాట అది. మా ఇద్దరి మధ్య అదే ఆఖరు. మరునాడు ఆయన పోయాడు.

నేను కంబదూరు దగ్గర ఒక సర్కారు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగాల వరుసలో అందరికంటే కింది మెట్టు. నాకు సంతకం వరకే చదువు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు శాంత రాస్తోంది. చెప్పేది ఒక్క పొద్దుటి సంగతి. రిటైరు కావడానికి కొన్నేళ్ల ముందు, మా ఆవరణలో పెద్ద వయసు మగవాళ్లకు పరీక్షలు పెట్టిన రోజు.

నా డ్యూటీ లైన్లు నిలబెట్టడం. ఒక లైను షుగరుకు, బీపీకి, నడుము కొలతకు, పరగడుపున రావాలి. పొట్ట పెరిగితే షుగరు, గుండెజబ్బు వెంట వస్తాయని టేపు పెట్టి కొలుస్తారు. రెండో లైను మూత్రం ఇబ్బంది ఉన్నవాళ్లకు. డాక్టరు వాళ్లతో మాట్లాడి, అవసరమైతే పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష రాస్తాడు. మగవాళ్లకు మూత్రాశయం కింద ప్రోస్టేటు అనే గ్రంథి ఉంటుంది. అది ఉబ్బినా, చీము పట్టినా, క్యాన్సరు వచ్చినా ఆ రక్తపరీక్షలో వచ్చే అంకె పెరుగుతుంది. అంకె ఒక్కటే చూసి క్యాన్సరని తేల్చడానికి లేదని డాక్టరు మాకు ముందే చెప్పాడు.

షుగరు లైను గేటు దాకా పోయింది. రెండో లైన్లో ఒక్క మనిషి లేడు. డాక్టరు ఖాళీగా కూర్చున్నాడు. నాకు మాట వస్తుందేమోనని భయమేసి, “ఉచ్చ ఆగి ఆగి వచ్చేవాళ్లు ఈ పక్కకు రాండప్పా!” అని అరిచాను. అందరూ తలలు దించుకున్నారు. షుగరు లైన్లో మా ఆయన కనబడ్డాడు. ఆయన పేరు నా నోట పలకను గదా. “ఓ మా ఇంటాయనా! రాత్రంతా లేస్తానే ఉంటావు, నువ్వన్నా వచ్చి నిలబడు” అన్నాను.

లైనంతా నవ్వింది. “పోప్పా, పెండ్లామే పిలుస్తాంది. నీ గుట్టంతా ఆయమ్మ కాడనే ఉండాది” అన్నాడు వెనకనున్న మా మరిది వరసాయన. మా ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “నాది షుగరు ఉచ్చ. ఆ లైనుతో నాకేం పని?” అన్నాడు. షుగరుంటే మాటిమాటికీ లేవాల్సి వచ్చే మాట నిజమే. రెండు జబ్బులూ ఒక మనిషికే ఉండొచ్చని అక్కడ ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఆ తర్వాత ఇంట్లో ఎప్పుడు అడిగినా, “మళ్లా అరుస్తావా?” అనేవాడు.

చివరకు మూత్రం బిగుసుకుపోతే అనంతపురం తీసుకుపోయాం. అప్పటికే క్యాన్సరు నడుము ఎముకలకు పాకింది. ఆ రోజే పరీక్ష చేసి ఉంటే బతికేవాడా అని అక్కడి డాక్టరును అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు. ఆసుపత్రి చీర కట్టుకుని మొగుణ్ని నలుగురిలో నగుబాటు చేసిన తప్పు ఆ జవాబుతో మాసిపోలేదు. ఇప్పటికీ ఆ గేటు ముందు తలెత్తి నడవలేను.

ఆయన పోయినాక మళ్లీ డ్యూటీలో చేరి మా డాక్టరుకు జరిగింది చెప్పాను. తర్వాతసారి ఒకటే లైను పెట్టారు. షుగరుకని వచ్చిన ప్రతి మనిషినీ లోపలికి పిలిచి, తలుపు వేసి, మగ ఉద్యోగి మూత్రం సంగతి అడిగాడు. బయట నోరెత్తని వాళ్లు లోపల చెప్పారు, ఆ రోజు నవ్విన మరిది వరసాయనతో సహా. నేను నేర్చుకున్నది ఇంతే: జబ్బు గురించి ఊరంతా వినేలా చెప్పొచ్చు. మనిషిని మాత్రం తలుపు వేసి అడగాలి.

శాంతా, ఇంక చాలు. ఏదీ, మొదటి నుంచి చదువు. ఆయన సంగతి వచ్చే కాడ మాత్రం రవ్వంత మెల్లగా చదువు. అరుగు మీద మనుషులుండారు.