నాలుగో స్క్రూ

ఆ వీధిలో ఎవరి బాత్రూం చెడినా కబురు ప్లంబర్ మామయ్యకే వెళ్లేది. విప్పిన స్క్రూలను పెదాల మధ్య పెట్టుకోవడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. "జేబుకు చిల్లు పడుతుంది గానీ నోటికి పడదు కదా" అనేవాడు.

ఒకరోజు ఆయన బావమరిది, లోపలే మంచం, పొయ్యి, టాయిలెట్ అన్నీ ఉన్న తన వ్యాన్ తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. టాయిలెట్ అడుగున కారుతోంది, రిపేరుకు ఊడదీయాలి. అగ్గిపెట్టెంత గదిలో మామయ్య మోకాళ్ల మీద కూర్చుని, కనబడని మూలల్లో చేత్తో తడుముతూ స్క్రూలు విప్పసాగాడు.

"బావా, టీ తాగుతావా?" బయటి నుంచి బావమరిది కేకేశాడు.

"ఊఁ" అంటూ మామయ్య గుటక వేశాడు. నాలుగు మూలల స్క్రూలూ విప్పేశాననుకుని లెక్క చూసుకుంటే నోట్లో మూడే ఉన్నాయి.

ఒళ్లంతా చెమట పట్టింది. నేలంతా వెతికాడు, చొక్కా దులిపాడు. గొంతులో ఏదో గుచ్చుకుంటున్నట్టే ఉంది.

"మింగేశాన్రా!"

"ఇనుము ఒంటికి మంచిదే బావా" అన్నాడు గానీ బావమరిది మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. "పద, ఆసుపత్రికి."

"ఉండు, దీన్ని ఊడదీసి వస్తా. పని సగంలో వదిలేసి చచ్చాడంటారు."

రెండు చేతులా పట్టి లాగాడు. టాయిలెట్ వెనక మూల నేలను వదలడం లేదు. టార్చి వేసి చూస్తే అక్కడ నాలుగో స్క్రూ తుప్పు పట్టి, తాపీగా కూర్చుని ఉంది.

దాన్ని విప్పి, నాలుగింటినీ బావమరిది దోసిట్లో పోశాడు.

"నువ్వే పట్టుకో. ఇవాళ్టి నుంచి నా నోటిని నేను నమ్మను."