కింది నట్టు

మా బాత్రూంలో వాష్‌బేసిన్ కింద పైపు కారడం మొదలై వారమైంది. అడుగున పెట్టిన బకెట్ నిండగానే మా ఆవిడ దాన్ని కరివేపాకు చెట్టుకు పోసేది. "ఉండనీలే, చెట్టు బాగుండాది" అని నన్ను ఏడిపించేది. ఆదివారం పూట నేనే రెండు నట్లూ విప్పి, కొత్త వాషర్లు వేసి బిగించాను. చుక్క ఆగలేదు. ఒళ్లు మండి ప్లంబరుకు ఫోన్ చేయబోతుంటే మా మామ అడ్డొచ్చాడు.

మామంటే నా భార్య తండ్రి. వేంపల్లె దగ్గర సొంత పొలంలో నలభై ఏళ్లు బోరు పైపులు విప్పి బిగించిన మనిషి. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి కడపలో మా ఇంట్లోనే ఉంటూ, రోజూ రబ్బరు బంతి పిసుకుతూ ఆ చేతిని దారికి తెచ్చుకుంటున్నాడు. టీ గ్లాసు మాత్రం ఇంకా ఎడమచేత్తోనే పట్టుకునేవాడు.

"కింది నట్టు వదులుగా ఉండాదప్పా. నేను బిగిస్తా."

"రెంచి తెస్తా ఉండు మామా."

"ప్లాస్టిక్‌ది, రెంచి పెడితే పగుల్తాది. చేత్తోనే బిగియ్యాల."

స్టూలు మీద కూర్చుని, వంగి, మొండిగా కుడిచేత్తోనే మొదలుపెట్టాడు. నాకసలే ఓపిక తక్కువ. రెండు నిమిషాల పనికి అరగంట పట్టింది. గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. చివరికి చెంబుడు నీళ్లు పోసి చూశాడు. టప్పున చుక్క పడింది.

మామ చెయ్యి పంచెకు తుడుచుకుని వరండాలోకి పోయి కూర్చున్నాడు. "ఇంగ ఈ చెయ్యి ఇంతేలేప్పా. ప్లంబర్ని పిలిపిచ్చు" అన్నాడు. ఎందుకు చేయనిచ్చానురా దేవుడా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆయన చూడకుండా ఆ నట్టు బిగించేద్దామని బేసిన్ కింద దూరాను. తిప్పాను. కదల్లేదు. పళ్లు బిగబట్టి అటూ ఇటూ తిప్పాను. ఊహూ. అప్పుడు పైపంతా గుడ్డతో తుడిచి నీళ్లు పోశాను. కింది నట్టు పొడిగా ఉంది. చుక్క వస్తున్నది పై నట్టు నుంచి. అది మామ ముట్టనే లేదు, నేను బిగించిందే. విప్పి చూస్తే వాషర్ తలకిందులుగా వేసి ఉంది. ఇంత ఘనకార్యం చేసినవాణ్ని నేనే అయినా సిగ్గు పడలేదు, మామ చెయ్యి ఓడిపోలేదన్న సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. వాషర్ సరిగ్గా వేయగానే కారడం ఆగింది.

"మామా, నువ్వు బిగించిన నట్టు నాతో కావడం లేదు. వచ్చి విప్పు."

"నా మనసు నిలపడానికి అంటాండావు."

"నీ బిడ్డనడుగు."

మా ఆవిడా వచ్చి తిప్పి చూసింది. "నాకూ రాలేదు నాయనా" అంది. మామ నమ్మలేదు. తనే వచ్చి కుడిచేత్తో పట్టుకున్నాడు. రెండోసారికి నట్టు కదిలింది. మళ్లీ బిగించి నావైపు చూశాడు.

"మరి కారింది యాడ?"

"పై నట్టు మామా. నేను బిగించింది."

"అనుకుంటి."

మా ఆవిడ టీ తెచ్చి, అలవాటుగా ఆయన ఎడమపక్క పెట్టబోయింది.

"ఈ పక్క ఇయ్యమ్మా" అని మామ కుడిచెయ్యి చాపాడు.