సొలొమోను అగ్గి డబ్బా

మెదక్‌లో పెద్ద చర్చి వెనక గల్లీలో, వానాకాలం వచ్చిందంటే చాలు, ఒక మనిషి వాకిట్లో తడుస్తూ గొంతుక్కూర్చుని అగ్గి రాజేస్తూ కనిపించేవాడు. మొదట్లో జనం నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. అతని పేరు సొలొమోను. మశూచి టీకాలు వేసే సర్కారు జట్టులో నౌకరు. డేరా వేయడం, నీళ్లు కాచడం, టీకా వేసే చిన్న ఉక్కు చక్రాన్ని మనిషి మనిషికీ స్పిరిటు దీపం మీద కాల్చి ఇవ్వడం అతని పని. మంట లేకపోతే టీకా లేదు.

ఆ మాట బరువు అతనికి పందొమ్మిది వందల యాభై తొమ్మిది శ్రావణంలో తెలిసింది. కౌడిపల్లి దగ్గర వాగు అవతల చిన్న ఊళ్లో ఆరిళ్లలో అమ్మవారు పోసిందని కబురొస్తే, టీకాల సారు రాజేందర్‌తో ఎడ్లబండి మీద పోయాడు. వాగులో బండి ఒరిగింది. మంచుగడ్డల మధ్య పెట్టిన మందు పెట్టె సారు ఒళ్లో ఉండి బతికింది. సొలొమోను జేబులోని రెండు అగ్గిపెట్టెలూ నానిపోయాయి. వాళ్లు గట్టెక్కిన కాసేపటికే వాగు పొంగి, వెనక దారి మూసుకుపోయింది.

ఊళ్లో నిప్పు అడిగితే సరిపోయేదే. కానీ ఇంట్లో అమ్మవారు ఉన్నన్నాళ్లు నిప్పు గడప దాటకూడదని అక్కడి కట్టు. దాటితే తల్లి కోపం దాని వెంటే ఇల్లిల్లూ తిరుగుతుందట. ఆ ఆరిళ్లను చూసి మిగతా ఇళ్లూ తలుపులు దగ్గరికేసుకున్నాయి.

పటేలింటి ముసలమ్మ ఐలవ్వ మాత్రం అరుగు మీద కూర్చోబెట్టి, ఇత్తడి చెంబుతో నీళ్లిచ్చింది. "సర్కారోళ్లు, మీకు లేదనొద్దు. గని నిప్పు మాత్రం అడగకుండ్రి. గావాల్నంటే బువ్వ పెడ్త, తినిపోండ్రి."

"బువ్వతోని టీకా పడదు గదవ్వా."

"పడకుంటె పాయె. తల్లి ఒచ్చింది, తల్లే పోతది. నీ సూదికి బయపడి పోతదా?"

ఆ అరుగు మీద నుంచే సొలొమోనుకు ఊరి కొసన మాలవాడ కనిపించింది. గుడిసెల మీద పొగ లేస్తోంది. జబ్బు ఇంకా అక్కడికి రాలేదు, కనుక అక్కడి నిప్పుకు కట్టు లేదు. అతని తండ్రి అలాంటి వాడలోనే పుట్టి, చర్చి కట్టేటప్పుడు రాళ్లు మోసి మెదక్‌లో ఉండిపోయినవాడు. ఏ గుడిసె ముందు నిలబడి ఎలా పిలవాలో సొలొమోనుకు ఒకరు నేర్పనక్కర్లేదు. కానీ ఒంటి మీద ఖాకీ కోటుంది, చేతిలో పటేలింటి చెంబుంది. వాడలోకి పోయి పిడక మీద నిప్పు తెచ్చుకుంటే, వీడెవరి తాలూకు అని ఊరు ఆరా తీస్తుంది. ఆ చెంబు మళ్లీ చేతికి రాదు.

డేరాకు తిరిగొచ్చి, "ఎక్కడ ఇస్తలేరు సార్," అన్నాడు.

"ఊరంత తిరిగినవా?"

"తిరిగిన."

తెల్లారేసరికి వాగు తగ్గింది, పెట్టెలో మంచూ కరిగిపోయింది. మందు పనికిరాదన్నాడు సారు. కొత్త మందు పట్టుకుని వాళ్లు మళ్లీ ఆ ఊరికి చేరేసరికి, వానలకు దారులు తెగి, నెల దాటింది. ఈలోపు జబ్బు వాడలోకి దిగింది. నలుగురు పోయారు. అందులో ఒకరు యాదవ్వ అనే కూలిమనిషి కూతురు, ఐదేళ్ల పిల్ల. టీకాలు వేయడానికి సొలొమోను వాడలో అడుగు పెట్టిన నాటికి ఆ పిల్లను పూడ్చిన మట్టి ఇంకా పచ్చిగానే ఉంది.

అప్పటి నుంచే అతనికి ఈ అగ్గి పిచ్చి పట్టింది. ముందు చెకుముకి రాయి తెచ్చాడు. నిప్పురవ్వలు బాగానే రాలాయి కానీ, పక్కనున్న బూరుగు దూది గాలిలోని చెమ్మ తాగి మొండికేసింది. తర్వాత కర్పూరం కొనబోతే కిరాణా భూమయ్య, "ఏం సొలొమోను, దేవుణ్ణి మార్చినవా?" అని ఎకసెక్కమాడాడు. కర్పూరం చటుక్కున అంటుకునేది, కానీ రేకు డబ్బాలో దాచి నెల తర్వాత తెరిస్తే వాసన తప్ప ఏమీ మిగల్లేదు. గ్యాసునూనెలో, అదే కిరసనాయిలులో, ముంచిన గుడ్డ ఎండిపోయింది. సైకిల్ టైరు ముక్క వానలోనూ ఆరకుండా మండింది. అయితే దాని మసి ఉక్కు చక్రానికి పడుతుంది, కాబట్టి పొయ్యి కట్టెలకే పనికొస్తుందని పక్కన పెట్టాడు. చివరికి కొవ్వొత్తి ముక్కలు కరిగించి, అగ్గిపుల్లల తలలు అందులో ముంచి ఆరబెట్టాడు. గీసే పట్టీని వేరే సీసాలో పెట్టి బిరడా బిగించాడు. గోటితో మైనం గీకి రాస్తే, నీళ్లలో ముంచి తీసిన పుల్ల కూడా వెలిగింది.

"అన్నం వండ అగ్గిపుల్ల దొరకదు, నువ్వేమో బకెట్ల ముంచవడ్తివి," అనేది భార్య జ్ఞానమ్మ. అతను నవ్వేవాడు కాదు.

అరవై ఆరులో, మళ్లీ వానల్లోనే, జట్టు ఆ ఊరికి పోయింది. ఈసారి డేరా వాడ పక్కనే వేశారు. మొదటి పుల్లకే దీపం వెలిగింది. వరసలో యాదవ్వ వచ్చింది, చంకలో మూడేళ్ల కొడుకుతో.

"గప్పుడొచ్చి ఉత్తగ పోయింది నువ్వే గదా?"

"నేనే."

"ఎందుకు పోయిండ్రు? మందు లేకనా?"

"అగ్గి తడిసిందమ్మా."

"మా పొయ్యిలు మండుతనే ఉండె. అడిగితే ఇయ్యకపోదుమా?"

ఏడేళ్లుగా ఈ ప్రశ్న రాకూడదనే అతను అన్ని పుల్లలు ముంచాడు. "పొగ జూసిన," అన్నాడు మెల్లగా. "అడగొచ్చుండె. నేనే రాలె."

వెనక నుంచి ఎవరో, "జర జల్ది, తడుస్తున్నం," అన్నారు. యాదవ్వ కొడుకును తన వైపు దగ్గరికి లాక్కుని, అంగీ పైకి మడిచి, వాడి చెయ్యి మాత్రం ముందుకు చాపింది.

సొలొమోను చక్రాన్ని మంటలో పెట్టాడు. సాయంత్రం దాకా ఆ మంట ఒక్కసారీ ఆరలేదు.

ఇంటికొచ్చాక జ్ఞానమ్మ ఎప్పటిలాగే అడిగింది, "అంటుకున్నదా?"

"అంటుకున్నది," అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.