మా అమ్మ చల్లిన ఆకుమడి

నా చిన్నప్పుడు మా నాన్న మాకు మనిషిగా కంటే ఉత్తరంగానే ఎక్కువ తెలుసు. ఆయనది అండమాన్‌లో వడ్రంగి పని. విశాఖపట్నంలో ఓడ ఎక్కితే మళ్ళీ పది నెలలకో ఏడాదికో దిగేవాడు. వంశధార ఇవతల మా ఊళ్ళో అదేమీ వింత కాదు. మా వీధిలోనే నాలుగిళ్ళ మగవాళ్ళు అలా దూరాల్లో ఉండేవారు. వచ్చినప్పుడు శంఖాలు, గవ్వలు, ఒక ట్రంకుపెట్టె తెచ్చేవారు. వెళ్ళిన వారం రోజులూ ఇల్లు బోసిగా ఉండేది, తర్వాత మామూలే.

మామూలే అనడం తేలిక. ఎకరంన్నర పల్లపు భూమి, ఒక పాడావు, చంకలో నా తమ్ముడు, బడికి పోనని మొరాయించే నేను. ఇవన్నీ మా అమ్మ ఒక్కతే చూసుకునేది. పని అంతా అమ్మదే గాని మాట మాత్రం అమ్మది కాదు. ఆవుని కట్టించాలన్నా, గట్టు వేయించాలన్నా ‘ఆయన రాశాడు’ అంటేనే ఎవరైనా కదిలేవారు. అమ్మకు చదువు రాదు. నాన్న ఉత్తరాలు చదివిపెట్టేది నేను. నాలుగో తరగతి పిల్లనే అయినా ఆ సంగతి మనసులో పెట్టుకుని కొంచెం టెక్కుగానే తిరిగేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో ఒక ఉత్తరం వచ్చింది. అంతకు ముందటేడు తొలకరి మమ్మల్ని మోసం చేసింది. మొదటి వానకే మురిసిపోయి నాన్న చెప్పినట్టు ఆకుమడి, అంటే నారుమడి, పోస్తే, మళ్ళీ చినుకు లేక నారంతా మాడిపోయింది. విత్తనాలకు మిగిలింది ఒక్క బస్తా. నాన్న అది మరిచిపోలేదు. ఈసారి ఆరుద్ర కార్తెకు తానే వస్తాననీ, వచ్చి తన చేత్తోనే ఆకుమడి పోస్తాననీ, అంతవరకు విత్తనం బస్తా ముట్టుకోవద్దనీ రాశాడు. అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి అడగబోయి మానేసింది.

ఆరుద్ర కంటే ముందే, మృగశిరలోనే వాన దిగింది. దంచి కొట్టి వెళ్ళిపోయే వాన కాదు, మూడు రోజులు నిదానంగా కురిసి నేలలోకి ఇంకిన వాన. అమ్మ పొద్దునా సాయంత్రమూ పొలం వెళ్ళి, మడిలో అరికాలు నొక్కి ఎంత లోతుకు దిగుతోందో చూసి వచ్చేది. అన్నం తింటూ మధ్యలో ఆగిపోయేది. ఆగితే ఈ తడి ఆరిపోతుంది, నారు ఆలస్యమైతే పంట చివర్లో నీళ్ళుండవు. ఆగకపోతే, కిందటేడులా అయితే, ఉన్న ఒక్క బస్తా కూడా పోతుంది. ఆ బస్తా పోతే ఏడాది పొడుగునా మా కంచాల్లోకి వచ్చే అన్నం పోయినట్టే.

మూడో రోజు అమ్మ ఎవరికీ చెప్పకుండా బస్తా విప్పి తొట్టిలో విత్తనాలు నానబోసింది. నానినవాటిని గోనెసంచిలో కట్టి, గడ్డి కప్పి, పైన రోలు పెట్టింది. దాన్ని మండె కట్టడం అంటారు. లోపల వేడి పుట్టి రెండు రోజుల్లో గింజ తెల్లటి ముక్కు బయట పెడుతుంది. ముక్కు వచ్చిన గింజను ఇక దాచుకోలేం, తినలేం. మడిలో చల్లి తీరాలి. అమ్మకు అది తెలిసే చేసింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే నన్ను కంబారి తాతను పిలుచుకు రమ్మంది. కంబారి అంటే ఏడాది జీతానికి పొలం పని చేసే మనిషి. ఆయన మాకూ పక్కింట్లోని మా చిన్నాన్నకూ కలిపి అరక కట్టేవాడు. ఎడ్లు తోలుకుని వచ్చాడు గాని మడిలోకి దించలేదు. మా నాన్నను ఆయన బావు అనేవాడు. గట్టు మీదే నిలబడి, బావు ఉత్తరం రాశాడా అమ్మా అని అడిగాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ ఇంటి మగవాడి మాట లేకుండా అరక కట్టడం ఆయన వంశంలో ఎవరూ చేసి ఉండరు.

ఇంతలో మా చిన్నాన్న వచ్చాడు. మంచివాడు, కొంచెం పిరికివాడు. అన్నగారంటే ఎంత గౌరవమో, ఆయన వచ్చి అడిగితే జవాబు చెప్పుకోవాలన్న భయం అంతకు రెట్టింపు. నాన్న ఏం రాశాడో ఆయనకు తెలియదు. మొలకల సంచి చూసి ముఖం పాలిపోయింది. ఉత్తరం తెచ్చి చదవమన్నాడు నన్ను.

ఇంటికి పరుగెత్తి వాసంలో దోపిన ఉత్తరం తెచ్చాను. దారిలోనే నిశ్చయించుకున్నాను. గట్టు మీద నిలబడి, కాగితం మీద వేలు కదుపుతూ, లేని మాటలు చదివాను. వాన పడితే నా కోసం చూడకండి, ఆకుమడి పోసేయండి అని రాశాడని చెప్పాను. ఎక్కడా తడబడలేదు. అబద్ధంలో అంత ప్రావీణ్యం ఉందని నాకే తెలియదు. చిన్నాన్న ముఖం వికసించింది. అన్నయ్యే చెప్పాక ఇంకేముంది అంటూ తువ్వాలు నడుముకు బిగించాడు. ఇంటి మగవాడు లేనప్పుడు మొదటి గుప్పెడు చల్లేది ఆయన తమ్ముడే. కంబారి తాత ఎడ్లను అదిలించాడు. నా అంత తెలివైన పిల్ల శ్రీకాకుళం తాలూకాలోనే లేదనుకున్నాను.

అప్పుడు మా అమ్మ మొలకల గంప కింద పెట్టి, నా వైపు చూడకుండానే చిన్నాన్నతో అంది.

“అలగ రాయలేదు బాబూ. ఆగమనే రాసినాడు. ఆగనిది నాను.”

ఎడ్లు ఆగిపోయాయి. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. చిన్నాన్న నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూశాడు. కోప్పడలేదు. అలా అయితే తన చేత్తో చల్లలేనన్నాడు. అన్నయ్య వద్దన్న పని చేసి ఆయన ముఖం ఎలా చూడాలన్నాడు. వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. వెళ్ళిపోకుండా అక్కడే ఎందుకు కూర్చున్నాడో నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

కంబారి తాత కాసేపు ఎడ్ల మెడలు నిమురుతూ నిలబడ్డాడు. తర్వాత అరకను మడిలోకి దించి, మన్ను బురదయ్యేలా దమ్ము పట్టాడు. దున్ని, చదును చేసి, నీరు తేరుకునేదాకా ఉండి, ఎడ్లను తోలుకుని అవతల గట్టుకు వెళ్ళాడు. చల్లడం మాత్రం తన పని కాదన్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

మా వైపు నాట్లు ఆడవాళ్ళవి, విత్తు మగవాళ్ళది. ఉభాల్లో, అంటే నాట్ల రోజుల్లో, నడుం వంచి నాటిన చేతులు మా అమ్మవి. నిలబడి చల్లిన చేతులు కావు. చీర ఎగదోపి, గంప నడుముకు ఆనించి, కుడిచేత్తో గుప్పెడు తీసి విసిరింది. గింజలన్నీ ఒకే చోట పడ్డాయి. రెండోదీ అంతే. మూడోది గట్టు మీద పడింది. నాకు ఏడుపొచ్చింది. నాలుగో గుప్పెడికి చిన్నాన్న ఉండబట్టలేకపోయాడు. కూర్చున్నచోటి నుంచే అన్నాడు.

“సెయ్యి అంతలా బిగించీకు వదినా. వేళ్ళు వదులు సెయ్యి, గింజ దానంతటదే పోతాది.”

గంప ఖాళీ అయ్యేదాకా ఆయన అలా కూర్చునే చెప్పాడు, అమ్మ అలా చల్లింది. ఆయన చెయ్యి పెట్టలేదు, అమ్మ ఆగలేదు. ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కాలువ దగ్గర అమ్మ నా కాళ్ళు కడిగింది. నాలుగు తగిలిస్తుందనుకున్నాను. తగిలిస్తే బాగుండేది కూడా. నేను నీకోసమే చెప్పాను కదా అని ఏడ్చాను. అమ్మ నా కాలి వేళ్ళ సందుల్లో బురద తీస్తూ అంది.

“అబద్దమాడినావని కాదే పిల్లా. మీ నాన్న పేరు సెప్పి పోస్తే, పండితే ఆయన గొప్ప, ఎండితే ఆయన తప్పు. ఆడ సముద్రం అవతల కూకున్నోడికి ఈ వాన తెలుస్తాదేటి? సూసింది నాను. తిట్టేవోలు నన్నే తిట్టాల.”

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆకాశం వైపు చూడాలంటేనే భయమేసేది. వాన లేదు. ఊళ్ళో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి, మొగుడి మాట దాటిన పొలం అని. అమ్మ విననట్టే ఉండేది. నేనూ అమ్మా కాలువ గుంటలో మిగిలిన నీళ్ళు కుండలతో మోసి మడిలో పోశాం. తెల్లారాక ఒకసారి, పొద్దువాలాక ఒకసారి. నా భుజం కాయ కాచింది. ఎండిపోతే ఏం చేస్తావని అమ్మను ఒకరోజు అడిగాను. ఎండిపోయిందని ఒప్పుకుంటాను అంది. అంతకు మించి తనకూ ఏమీ తెలియదని ఆ గొంతులో తెలిసింది. పదమూడో రోజు వాన వచ్చింది.

నారు బతికింది గాని చూడముచ్చటగా ఏమీ లేదు. గుప్పెళ్ళు కుప్పగా పడినచోట దుబ్బుగా, పడనిచోట బోడిగా ఉంది. దారిన పోయేవాళ్ళు ఇదెవరు చల్లారని అడగక్కర్లేకుండానే నవ్వేవారు.

ఆరుద్ర వెళ్ళిపోయింది, నాన్న రాలేదు. ఓడ కదలలేదట. ఆయన వచ్చేసరికి మా ఉభాలు జరుగుతున్నాయి. నారు చాలక ఒక చెక్క, అంటే చిన్న మడి ముక్క, ఖాళీగా మిగిలింది. ట్రంకుపెట్టె గట్టు మీద పెట్టి ఆయన నిలబడితే, మోకాళ్ళదాకా బురదతో అమ్మ ఎదురెళ్ళి, ఇంకెవరూ నోరు విప్పకముందే అంతా చెప్పేసింది. నువ్వు ఆగమన్నావు, నేను ఆగలేదు, చల్లడం చేతకాక ఆ చెక్కకి నారు రాలేదు అంది. నా అబద్ధం సంగతి మాత్రం ఎత్తలేదు.

నాన్న రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఆ వయసులో నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. పంట నిలబెడితే ఇదా బహుమానం అనుకున్నాను. ఆయన పది నెలలు పరాయిచోట రోజులు లెక్కపెట్టుకున్నది తన మడిలో తన చేత్తో ఆ మొదటి గుప్పెడు చల్లడానికేనని, అది లేకుండా కూడా ఇల్లు నడిచిపోయిందని చూసి ఆయనకు గుండె కలుక్కుమందని, నాకు పెళ్ళై నా భర్తను కూడా రైలెక్కించాక గాని తెలియలేదు. మూడో రోజు పొద్దున్నే నాన్న వెళ్ళి ఆ ఖాళీ చెక్క గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. వచ్చి, అమ్మ ముందు పీట వేసుకుని, ఆ చెక్కలో ఏం వేద్దామంటావు అని అడిగాడు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే.

పంట కోసి మళ్ళీ ఓడకు వెళ్ళేరోజు నాన్న కంబారి తాతనూ చిన్నాన్ననూ పిలిచి, ఇకనుంచి తన ఉత్తరం కోసం చూడొద్దనీ, ఆవిణ్ణే అడగమనీ చెప్పాడు.

మా ఆయన ముప్పై ఏళ్ళు మద్రాసులో భవనాల పనిలో ఉన్నాడు. ఇల్లూ పొలమూ నేనే నెట్టుకొచ్చాను. మంచి పనులూ చేశాను, రెండుసార్లు ఘోరంగా తప్పూ చేశాను. కాసే జీడితోట కొట్టించి మామిడి వేయించింది నేనే, ఆ మామిడి ఒక్క ఏడైనా సరిగ్గా కాయలేదు. ఊళ్ళోవాళ్ళు అడిగితే మా ఆయన చెప్పాడని ఒక్క మాట అంటే సరిపోయేది. అంత దూరం నుంచి ఆయన వచ్చి కాదంటాడా. డెబ్భై దాటాయి నాకు. ఇప్పటికీ భయమేసినప్పుడల్లా ఇంకొకరి పేరే ముందు నాలుక మీదికొస్తుంది. దాన్ని మింగేసి, నేనే చేశాను అంటాను. అన్నంత మాత్రాన భయం పోదు. తలెత్తుకుని నిలబడి భయపడతాను, అంతే.