ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే చప్పుడు

కర్నూలు నుంచి బేతంచెర్ల దగ్గరి మా బడికి రోజూ నా కారులోనే వెళ్తాను. పాత పెట్రోలు బండి, ఎన్ని చేతులు మారి నా దగ్గరికొచ్చిందో తెలియదు. ఆ ఎండాకాలం నాపరాళ్ల లారీల వెనక ఎత్తు ఎక్కుతుంటే ఇంజనులో చప్పుడు మొదలైంది, రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు. యాక్సిలరేటరు మీద కాలు తీస్తే ఆగేది, నొక్కితే మళ్లీ వచ్చేది.

అంతకుముందు సర్వీసు చేసిన షెడ్డుకే తీసుకెళ్లాను. తమ్ముడు తోడొచ్చాడు. చప్పుడు సంగతి చెబుతున్నది నేను, మెకానిక్ చూస్తున్నది వాడి వైపు. నిలబెట్టిన బండిని ఒక్కసారి రేజ్ చేసి విన్నాడు.

"బేరింగులు పోయినట్టుండాది అప్పా. ఇంజను దించల్ల," అన్నాడు వాడితో.

మా తమ్ముడికి కారు నడపడమే రాదు!

"నన్నడుగప్పా. ఈడ రేజ్ చేస్తే రాలేదు కదా? ఎత్తులోనే ఎందుకొస్తాండాది?" అన్నాను.

"ఆడోళ్లు గేరు మార్చకుండా ఎక్కిస్తాంటారులే అక్కా."

నాకు ఒళ్లు మండిపోయింది. "కూచో. నేను నడుపుతా, నువ్వు విను," అన్నాను.

ఊరి బయట వంతెన మీదికి టాప్ గేరులో ఎక్కించాను. మోగింది. తిరిగొచ్చి గేరు తగ్గించి ఎక్కించాను. అప్పుడూ మోగింది. అతను అద్దం దించి విన్నాడు.

"పోయిన సర్వీసులో ఏం మార్చినారు?"

"స్పార్కు ప్లగ్గులే అక్కా."

"అయితే అవి ఊడదీయి."

ఇంజను చల్లారాక తీశాడు. మొనలు సున్నం పూసినట్టు తెల్లగా కాలిపోయి ఉన్నాయి. వాటి మీది నంబరు చూసి గొంతు తగ్గించాడు.

"ఇయి వేరే బండియి అక్కా. ఎత్తులో వేడెక్కిపోయి, పెట్రోలు ముందే అంటుకుంటాండాది. ఆ చప్పుడు అదే."

వాళ్ల తప్పుకు నా ఇంజను విప్పబోయారు! నేను తలూపి ఉంటే విప్పేవాళ్లే. అట్లా తలూపినవాళ్లు ఎందరో!

సరైన ప్లగ్గులు వేశాడు. తప్పయిందని ఒక్క మాట అనలేదు. పైగా తాళంచెవి తమ్ముడి చేతికివ్వబోతే నేనే లాక్కున్నాను.

మర్నాడు అదే ఎత్తు లారీ వెనకే ఎక్కాను. చప్పుడు లేదు. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు మాత్రం సన్నగా వినపడింది. పాత ఇంజను, ఆ మాత్రం ఉంటుంది.

సాయంత్రం ఇంటికొచ్చిన మా చిన్నాయన తమ్ముణ్ణి అడిగాడు: "ఏమప్పా, అక్క బండి బాగుచేయించినావంట?"

"ఆ," అన్నాడు వాడు.

ఆ పూట వాడితో నేను మాట్లాడలేదు.