జాబెజ్ పిన్నక్ అడుగుల లెక్క

మా నెదర్ స్టోక్లీ చర్చి పుస్తకంలో మూడు వందల ఏళ్ళుగా పోయినవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి. ఎవరు ఎక్కడ పడుకున్నారో మాత్రం లేదు. రాతి పలక పెట్టించుకోలేనివాళ్ళ చోట్లన్నీ గోతులు తవ్వి, చర్చి గంట కొట్టే జాబెజ్ పిన్నక్ కాళ్ళలో ఉండేవి. చర్చి దక్షిణపు గుమ్మం నుంచి ఇన్ని అడుగులు, అక్కణ్ణుంచి గోడవైపు ఇన్ని. వాళ్ళ నాన్న నేర్పిన లెక్క అది.

అప్పట్లో నేను ఊరి బడిలో పంతులమ్మను. ఆ చలికాలం బట్టలుతికే హెప్జిబా ట్రిగ్ ఆయాసంతో మంచం పట్టింది. కాస్త లేవగానే నా చెయ్యి పట్టుకుని చర్చికి వచ్చింది. నలభై రెండేళ్ళ కిందట పోయిన తన పసిదాని పక్కనే, తను పోయాక తననూ పెట్టాలి. ఇంకేమీ అడగలేదామె.

జాబెజ్ గుమ్మానికి మడమ ఆనించి, పెదాలు కదుపుతూ నడిచాడు. పద్నాలుగు. గోడవైపు ఆరు. మేకు దిగ్గొట్టాడు.

"అక్కడ కాదు," అంది హెప్జిబా.

"నా లెక్క తప్పడం ఈ ఊళ్ళో ఎవరైనా చూశారా?"

"లెక్క తప్పలేదయ్యా, కాళ్ళే ముసలివైపోయాయి. దాన్ని పూడ్చిననాడు కొంగలా అంగలేశావు. ఇప్పుడు బాతు నడక నీది."

నాకు నవ్వాగలేదు. జాబెజ్ మొహం కందిపోయింది. "మరి నీకెలా తెలుసట?"

"ప్రతి ఆదివారం ప్రార్థనయ్యాక వచ్చి నిలబడతానుగా. నువ్వు లోపల గంట తాడు చుట్టిపెడుతుంటావు, నీకేం కనబడుతుంది!"

ఆమె మేకు దాటి మూడు అంగలు వేసి ఆగింది.

జాబెజ్ వెళ్ళి ఇనుప చువ్వ తెచ్చాడు. మాది సుద్దనేల, పైమట్టి కింద రాయిలా గట్టి. ఒకసారి తవ్విన చోటే మెత్తగా ఉంటుంది. మేకు దగ్గర జానెడు దిగకముందే చువ్వ ఠంగుమంది. హెప్జిబా బూట్ల ముందు మాత్రం మూరెడు దిగిపోయింది.

"ఇక చాలు," అందామె మెల్లగా. "దానికి తగులుతుంది."

జాబెజ్ చువ్వ పైకి లాగి టోపీ తీశాడు. "పక్కన చోటుంది. నీకు సరిపోతుంది," అన్నాడు.

మర్నాడు బడికి వచ్చాడు. "పంతులమ్మగారూ, పెద్ద కాగితం ఒకటి కావాలి. నా కాళ్ళు ఇంకా కురచ కాకముందే."

ఆ వసంతమంతా కొలత తాడు పట్టుకుని ఎవరి చోటు ఎక్కడో అతను చెప్పాడు, నేను పటం గీశాను. ప్రతి చోటా చువ్వ దించి చూశాకే రాయనిచ్చేవాడు.

మే నెలలో హెప్జిబా పోయింది. ఆ పొద్దున జాబెజ్ అడుగులు లెక్కపెట్టలేదు, పటం కూడా అడగలేదు. ఆమె నిలబడే చోటికి నేరుగా వెళ్ళి, దాని పక్కన పార దించాడు.