బార్కస్ లెన్సూ, పరదా వెనక చెయ్యీ

ధూల్‌పేట్‌లో మా మేడ గదికి ఎదురుగా ఒక రేకుల షెడ్డు ఉండేది. ఏడాదిలో ఎనిమిది నెలలు అందులో మట్టి, కొబ్బరి పీచు, వెదురు బద్దలు తప్ప ఏమీ కనిపించవు. చవితికి ముందు నాలుగు నెలలు మాత్రం వినాయకుళ్ళు వరసగా నిలబడి మా ఇంట్లోకి తొంగి చూసేవాళ్ళు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన మా నాన్న అద్దె తక్కువని ఆ మేడ తీసుకున్నాడు. "దేవుళ్ళ ఎదురుగా కాపురం, కాళ్ళు చాపుకుని పడుకోవడానికి కూడా లేదు" అని మా అమ్మ అక్కడున్న పదేళ్ళూ సణుగుతూనే ఉంది.

నేను చెప్పేది ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుని. ఓడలో పనిచేసే మా మేనమామ సెలవుకి వచ్చినప్పుడు ఒక జపాను కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెళ్ళికి పనికొస్తుందన్నాడు. పెళ్ళి సంగతి ఎలా ఉన్నా, కెమెరా పిచ్చి మాత్రం నాకు గట్టిగానే పట్టింది.

షెడ్డు యజమాని అరవై దాటిన ముసలాయన. సందంతా ఆయన్ని దాదా అనే పిలిచేది. వాళ్ళ ముత్తాతలు ఎప్పుడో ఉత్తరాది నుంచి వచ్చారట, ఇంట్లో హిందీ, మాతో తెలుగు. మట్టి తొక్కడం, బొమ్మ నిలబెట్టడం, ఒంటికి రంగు వెయ్యడం అన్నీ కొడుకు చేసేవాడు. కళ్ళు మాత్రం దాదావే. ఒక ఏడాది కొడుకు సరదాపడి ఒక బొమ్మకి కళ్ళు పెడితే, మూడు రాత్రులు నిద్రలేని వాడిలా ఉన్నాడు దేవుడని కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చి ఇచ్చిపోయారు. ఆ తర్వాత అతను కళ్ళ కుంచె ముట్టలేదు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. దేవుడికి కళ్ళు తెరిచేటప్పుడు లోపల రెండో మనిషి ఉండకూడదు. దాదా షెడ్డు ముందు గోనెపట్టా పరదా దించి ఒక్కడే కూర్చునేవాడు. కోడలు బయట గడప దగ్గర, పరదాకి వీపు పెట్టి రంగులు కలిపేది. లోపల గిన్నె మీద ఒకసారి టక్కుమంటే తెలుపు, రెండుసార్లయితే నలుపు. ఆమె గిన్నెని పరదా కిందనుంచి లోపలికి తోసేది. మామ ఎదుట ఆమె కొంగు ముఖం మీదనుంచి తియ్యదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. చెప్పాల్సింది గోడకి చెప్పినట్టు చెప్పేది. రెండు మూడేళ్ళుగా ఆ పరదా నేలను తాకేదాకా దిగుతోంది, గిన్నె పట్టేంత మూల వదిలి అంచు మీద ఇటుకలు కూడా పెడుతున్నాడు. వయసుతో పాటు నిష్ఠ ముదిరిందని మేమంతా అనుకున్నాం.

కోడలు నాకు కుళాయి దగ్గర స్నేహితురాలు. పుట్టి పెరిగింది మంగళ్‌హాట్‌లో, తెలుగు నాకంటే ధాటిగా మాట్లాడేది. ఒకరోజు బిందె నిండుతుండగా ఉన్నట్టుండి అంది.

"అక్కా, తొమ్మిదేండ్లాయె నేనీ గిన్నెలు తోయబట్టి. కన్ను ఎట్ల గీస్తడో ఒక్కపారి గూడ సూడలె. ఆయన చెయ్యి ఆగిననాడు మా షెడ్డు గూడ ఆగుతది. బయటోన్ని తెచ్చి కండ్లు పెట్టిస్తె లాభమంత ఆడే పట్కపోతడు. అదే నాకొస్తె, నా పిల్లల ఫికర్ ఉండదు."

"నేర్పమని అడగరాదా?"

"ఆడిదాన్ని. అడుగుడే తప్పు. నువ్వు ఫోటో తియ్యి అక్కా. మొకం నాకెందుకు, చెయ్యి తియ్యి. కుంచె ఎట్ల పడ్తడు, ఏడ మొదలువెడ్తడు, సూస్త."

నేను వెళ్ళి దాదాని అడిగాను, కోడలి సంగతి ఎత్తకుండా, నా సరదా కోసమన్నట్టు. ఆయన మా కిటికీ దాకా చూపుతో దూరం కొలిచాడు. "లోపటికి రావద్దు బిడ్డా. మీ కిటికిలకెల్లి తీస్కో. గంత దూరమైతే దోషం లేదు" అన్నాడు. వెలుతురు కోసం పరదాకీ పై రేకులకీ మధ్య మూరెడు ఖాళీ వదిలేవాళ్ళు. మా కిటికీ లోంచి చూస్తే ఆ ఖాళీలో ఆయన పక్కవాటుగా కనిపించేవాడు. నా మామూలు లెన్సుతో ఒకటి తీసి చూశాను. షెడ్డు వచ్చింది, రేకులు వచ్చాయి, రేకుల మీద కాకి కూడా వచ్చింది. చెయ్యి మాత్రం మినపగింజంత ఉంది.

దూరం లెన్సు కావాలి. అబిడ్స్ దుకాణంలో ధర అడిగి, అడిగినందుకే సిగ్గుపడి బయటికొచ్చాను. ఆఫీసులో చీటీ పాడి కుట్టుమిషను కోసం దాచిన డబ్బు ఒక్కటే నా దగ్గర ఉన్నది. అది దీనికి పెడతానంటే మా అమ్మ, "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బార్కస్‌లో గల్ఫు నుంచి వచ్చిన సామాను సగం ధరకే దొరుకుతుందని ఆఫీసులో ఎవరో చెబితే, ఆదివారం బస్సెక్కాను.

దుకాణదారుకి యాభై ఏళ్ళుంటాయి, గళ్ళ లుంగీ, ఇంటి ముందు గదే దుకాణం. గోడ పొడుగునా టేపు రికార్డర్లు, దుప్పట్లు, అత్తరు సీసాలు. నన్ను చూసి, "కిస్‌కే వాస్తే బేటీ? భాయ్ కే వాస్తే?" అన్నాడు. అన్నయ్య కోసం కాదు, నా కోసమేనన్నాను, కొంచెం గట్టిగానే. ఆయన చాప మీద తువ్వాలు పరిచి మూడు వస్తువులు పెట్టాడు.

మొదటిది డబ్లర్, ఉన్న లెన్సుకే తగిలించుకుంటే బొమ్మ రెట్టింపవుతుంది. చౌకే గానీ బొమ్మ పాలు విరిగినట్టు ఉంది, పక్కన పెట్టేశాను. రెండోది పొట్టి లెన్సు. ఒకే దూరానికి పనిచేస్తుంది, అంచులు అరిగిపోయాయి, అద్దం మాత్రం బావినీళ్ళంత తేటగా ఉంది. మూడోది జూమ్. మూరలో సగం పొడుగు. దాని ఉంగరం లాగితే ఎక్కడో ఉన్నది ముందుకొస్తుంది, తోస్తే వెనక్కి పోతుంది. గుమ్మంలో నిలబడి వీధి చివర జామకాయల బండి మీద పెట్టి లాగాను. బండి వచ్చింది, మనిషి వచ్చాడు, ఆఖరికి తక్కెడలో జామకాయ మీది మచ్చ వచ్చింది. ఆ మచ్చ దగ్గరే నా బుద్ధి జారిపోయింది.

ఎక్కడ వాడతావని ఆయన అడిగాడు. రేకుల షెడ్డు, లోపల కొంచెం చీకటి అని చెప్పాను. వెంటనే జూమ్ నా చేతిలోంచి తీసుకున్నాడు. "ధూప్ మే ఫస్ట్ క్లాస్. అంధేరే మే నక్కో బేటీ" అంటూ, ఎండలో భేషే గానీ చీకట్లో వద్దని పొట్టిదాన్ని నా ముందుకి జరిపాడు. దీని నోరు పెద్దది, వెలుతురు ఎక్కువ తాగుతుంది, చెయ్యి కొంచెం చిన్నగా వస్తే వచ్చింది గానీ తేటగా వస్తుంది, పైగా నీకు డబ్బు కూడా మిగులుతుంది అని ఓపిగ్గా చెప్పాడు. ఆడపిల్ల కదా, పెద్దది ఎక్కడ పట్టుకోగలదులే అని చిన్నది అంటగడుతున్నాడనిపించింది నాకు. ఒళ్ళు మండింది. చౌకది కొనమని చెప్పి నష్టపోయేది ఆయనేనన్న చిన్న లెక్క ఆ కోపంలో తట్టలేదు. జూమ్ కొన్నాను. బస్సు ఛార్జీ మాత్రం మిగిలింది. ఆయన నవ్వి, లెన్సుతో పాటు రెండు జామకాయలు కూడా సంచిలో వేశాడు.

కళ్ళు పెట్టే రోజు ముసురు పట్టింది. కిటికీ గట్టు మీద బియ్యం మూట పెట్టి, దాని మీద లెన్సు కదలకుండా పడుకోబెట్టాను. ఎప్పుడూ బనియనుతో పనిచేసే దాదా ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. ఒకసారి మా కిటికీ వైపు చూశాడు కూడా. జూమ్ లాగితే చెయ్యి నిండుగా వచ్చింది. వెలుతురు చూపించే సూది మాత్రం అడుగుకి పడిపోయి లేవనంటోంది. దానికి తగ్గట్టు మీట నొక్కిన ప్రతిసారీ కెమెరా లోపలి తలుపు నెమ్మదిగా తెరుచుకుని నెమ్మదిగా మూసుకునేది, ఆలోగా ఏది కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. మసక అద్దంలో దేవుడి కంటి మీద గురి నిలుపుకోవడం, సూదిని చూసుకోవడం, ఊపిరి బిగబట్టడం, ఈ హడావిడిలోనే ముప్ఫై ఆరు ఫోటోలూ అయిపోయాయి. చేతిని తీశానే గానీ చేతిని చూడలేదు.

"చెయ్యి వణికిందమ్మా మీకు" అన్నాడు స్టూడియో అతను కవరు ఇస్తూ. మెట్ల మీదే విప్పి చూశాను. చూసినంతలో ప్రతి ఫోటోలోనూ కావలసిన ఆ ఒక్క చెయ్యే పొగలా చెదిరిపోయి ఉంది. నాకు ఏడుపొచ్చింది. నా పొగరు మీద, కుట్టుమిషను మీద, బార్కస్ దుకాణదారు నవ్వు మీద కలిపి ఏడ్చాను. ఇంటికొస్తే అమ్మ, "పిండి కొద్దీ రొట్టె అని అందుకే అంటారు" అంది.

మర్నాడు కుళాయి దగ్గర ఆ కవరు కోడలి చేతిలో పెట్టి, లెన్సు చెడ్డది, చీకట్లో పనికిరాదట, నన్ను క్షమించు వదినా అన్నాను. ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుని ఒక్కొక్కటే చూసింది. బిందె నిండి పొర్లుతున్నా పట్టించుకోలేదు.

"అక్కా, నీ చెయ్యి వణికితె దేవుని కన్ను గూడ వణకాలె గద" అంది.

నేను వంగి చూశాను. కన్ను తేటగా ఉంది. తొండం మీద తడి రంగు మెరుపు తేటగా ఉంది. వెనక గోడ మీద నెర్రె కూడా వెంట్రుక వాసి చెదరకుండా ఉంది. మూట మీది లెన్సు కదలనే లేదు. కదిలింది దాదా చెయ్యి.

"మూడేండ్లాయె, పరదా కిందికంట దించబట్టి," అని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "దేవుని కోసమనుకున్న. మా కోసం దించిండు."

ముప్ఫై ఆరింటిలో రెండు మాత్రం చెదరలేదు. వాటిలో ఎడమచెయ్యి కుడి మణికట్టుని ఉడుంపట్టు పట్టి ఉంది, కుడి చిటికెనవేలు తొండం మీద ఆనించి ఉంది, కుంచె మొన కంటికి తగులుతోంది. కుంచె తగిలే ఆ క్షణం దాకా వణుకుతూ ఉండి, తగిలేటప్పటికి ఎలాగో ఆపుకుంటున్నాడన్నమాట. ఆమె ఆ రెండూ రవికలో దాచుకుంది. మిగిలినవి నాకిచ్చి, "పొయ్యిల పెట్టు. ఒక్కటి గూడ రాలేదని చెప్పు అక్కా, నీ కాల్మొక్త" అంది.

వెళ్ళి చెప్పాను. నేను కొన్న లెన్సు చెత్తదని నా నోటితో చెప్పాల్సి వచ్చింది.

"ఒక్కటి గూడ రాలేదా?" అన్నాడు దాదా.

"రాలేదు దాదా."

ఆయన ముఖంలో బెంగ తీరినట్టయింది. ఆ వెంటనే అదే ముఖం చిన్నబోయింది. "పోనీలే బిడ్డా. గంత దూరంకెల్లి ఏం వస్తది" అని, చొక్కా అంచు సవరించుకుంటూ, "అంగి గూడ ఇస్త్రీ జేపిచ్చిన" అన్నాడు. ఆయన నాకు చోటు చూపించింది దూరాన్ని నమ్మి. ఆ దూరాన్ని నేను చీటీ డబ్బుతో చెరిపేశాను. అడిగి తీసినా అది దొంగచూపే. ఈ మాట ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ బార్కస్ దుకాణదారు మాట విని వెలుతురు తాగే లెన్సు కొని ఉంటే, తలుపు చటుక్కున మూసుకుని, ఆ వణుకు చక్కగా నిలిచిపోయి మంచి ఫోటోలు వచ్చేవి, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నా తప్పుకి నేను సిగ్గుపడాలో సంతోషించాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మరుసటి ఏడు పరదా దిగిన మొదటి రోజే లోపల గిన్నె పడి పగిలిన చప్పుడైంది. చాలాసేపు ఏ టక్కూ వినిపించలేదు. తర్వాత దాదాయే పరదా పక్కకి లాగాడు. కోడలి వైపు చూడకుండా, గోడకి చెప్పినట్టు, లోపలికి వచ్చి కూర్చోమన్నాడు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. లెన్సు పెట్టె మీదనే ఉంది. ముట్టుకోలేదు.

ఆమె కొంగు సర్దుకుని దేవుడి ముందు కూర్చుంది. ఆయన కుంచె అందించాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి, నిండు బిందెని ఒంటిచేత్తో దించే మనిషి, ఆమె చేతికి వణుకన్నది లేదు. అయినా ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. చిటికెనవేలు తొండం మీద ఆనించింది. కుంచె కంటి దగ్గరికి తీసుకెళ్ళింది.

దాదా ఆ పట్టు చూశాడు. సందులో అప్పుడు ఏ చప్పుడూ లేదు, నాకు ప్రతి మాటా వినిపించింది. వాళ్ళు మాట్లాడింది హిందీలోనే.

"అలా పట్టుకోవాలని నీకెవరు చెప్పారు?"

మామతో ఆమె నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"మనింట్లో అలాగే పడతారు కదా, బాబూజీ."